మట్టిగుట్ట కింది సర్వే నంబరు

మా గల్లీలో సున్నపు గీత పడిన రోజు ఆదివారం. చర్చి నుంచి అమ్మను ఆటోలో తీసుకొచ్చి దింపుతున్నాను. మా వాకిలి ముందు మొదలైన తెల్లటి గీత పక్కింటి అరుగు మీదెక్కి, దిగి, చివరనున్న కిరాణా కొట్టు దాకా పోయింది. ఇద్దరు టేపు పట్టుకుని కొలుస్తున్నారు. తెల్ల చొక్కా మనిషి ఒకడు కారుకు ఆనుకుని ఫోన్ మాట్లాడుతున్నాడు. అతను ఇదివరకు ఏవో కాంట్రాక్టులు చేసేవాడని, ఇప్పుడు ప్లాట్లు కొని అమ్ముతాడని తర్వాత తెలిసింది.

అమ్మకు వయసు మీద పడింది. మోకాళ్లు మాట వినవు. నోరు మాత్రం మునుపటిలాగే ఉంది.

"ఎవలయ్యా మీరు? మా ఇంటి ముంగట గీతలేంది?"

అతను ఫోన్ జేబులో పెట్టుకుని నవ్వాడు. "అవ్వా, గీ జాగంత మాది. రిజిస్ట్రీ అయి ఉన్నది. మీతోని పంచాది లేదు. కొలతలైనంక కూసోని మాట్లాడుకుందాం."

"నీ జాగనా? మరి నేను గోడలు లేపేటప్పుడు యాడున్నవ్?"

అతను టేపు పట్టినవాళ్లకు కానివ్వమని సైగ చేశాడు. అమ్మ నా చెయ్యి వదిలించుకుని, గోడ పట్టుకుని నల్లా దగ్గరికి వెళ్లింది. బకెట్ నిండా నీళ్లు నా చేత తెప్పించి గీత మీద పోయించింది. చీపురు అందుకుని, వంగలేక వంగి, మా వాకిలి మేర సున్నం మొత్తం ఊడ్చేసింది. గల్లీ ఆడవాళ్లు ఒక్కొక్కరే బయటికొచ్చారు. కాసేపటికి ఎవరి ఇంటి ముందు గీత వాళ్లు కడిగేసుకున్నారు.

అతనికి కోపం రాలేదు. అదే నన్ను భయపెట్టింది. కారెక్కుతూ అన్నాడు: "నీళ్లు పోస్తె గీత పోతది గని కాయితం పోదు అవ్వా. నా కాడ కాయితం ఉన్నది. మీ కాడ ఏమున్నది?"

మా దగ్గర ఉన్నవి ఇంటిపన్ను రశీదులు, కరెంటు బిల్లులు, ఇంకా ఒక తెల్ల కాగితం.

నాన్న బొగ్గుబావిలో టింబర్‌మన్. భూమి లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. కంపెనీ క్వార్టర్ ఇచ్చింది కానీ అది డ్యూటీ ఉన్నన్నాళ్లే. రిటైరైన మనిషి తాళం అప్పజెప్పి బయటికి రావాలి. నాన్న స్నేహితుడొకాయన అలా సామాన్లన్నీ ట్రాక్టర్ మీద వేసుకుని ఎటు పోవాలో తెలియక రోడ్డు పక్కన నిలబడడం చూసింది అమ్మ. ఆ నెలలోనే తన మెడలోది తీసి అమ్మి, గోదావరిఖని అంచున జొన్న వేసుకుంటున్న ఒక ముసలి వితంతువు దగ్గర ఇంటి జాగ కొన్నది. అప్పట్లో మాలాంటి వాళ్లకు రిజిస్ట్రేషన్ ఆఫీసు అంటే ఏమిటో తెలియదు. తెల్ల కాగితం మీద రాసుకున్నారు. ఆ అవ్వ వేలిముద్ర వేసింది, ఇద్దరు సాక్షులు సంతకాలు చేశారు. మా గల్లీలో ఇళ్లన్నీ అలా వచ్చినవే.

గీతలు కడిగేసిన కొద్ది రోజులకు అందరికీ కోర్టు నోటీసులొచ్చాయి. భూమి తనదని తేల్చి, మమ్మల్ని ఖాళీ చేయించి, స్వాధీనం చేయమని అతను దావా వేశాడు. ఆ సాయంత్రం గల్లీ అంతా మా అరుగు మీద చేరింది. కిరాణా కొట్టు ఆయన ముందుగా నోరు విప్పాడు.

"టీచరమ్మా, ఎంతో కొంత ముట్టజెప్పి వదిలించుకుందాం. కోర్టు చుట్టు తిరిగే ఓపిక ఎవలికున్నది? ఆయన కాడ పక్కా కాయితముందట."

"ఆ కాయితంల ఏమున్నదో ఎవలన్న చూసిండ్రా?" అని అడిగాను.

ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు. ముప్పై ఏళ్లకు పైగా సర్కారు బడిలో పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పాను. మ్యాపు ఎలా చదవాలో, హద్దులంటే ఏమిటో నల్లబల్ల మీద గీసి చూపించాను. ఇప్పుడు నా సొంత ఇంటి కింద నేల ఎవరి పేరున ఉందో నాకు తెలియదు. ఆ సిగ్గు కన్నా, చదవకుండానే భయపడి చేతులెత్తేయడం నాకు ఎక్కువ సిగ్గనిపించింది. "ముందు చదువుదాం, భయపడేదుంటె గప్పుడు భయపడుదాం" అన్నాను.

మొదట రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వెళ్లాను. అతని దస్తావేజుకు, దానికి ముందున్న దస్తావేజులకు నకళ్లు తీసుకున్నాను. అతను కరీంనగర్‌లో ఉంటున్న అన్నదమ్ముల దగ్గర కొన్నాడు. వాళ్లకు ఆ భూమి తండ్రి నుంచి వచ్చినట్టు రాసుకున్నారు. అంతా సక్రమంగానే కనిపించింది. సర్వే నంబరుంది, ఊరి పేరుంది. ఆ పేరు గల ఊరు ఇప్పుడు లేదు. ఓపెన్‌కాస్ట్ గనిలో కలిసిపోయింది. హద్దుల దగ్గరికొచ్చేసరికి నేను ఆగిపోయాను. తూర్పున వాగు, పడమట బండ్ల బాట. మా గల్లీకి తూర్పున వాగు లేదు. మూతపడిన సినిమా టాకీసు ఉంది.

ఈ ముక్క గల్లీ అంతా కలిసి పెట్టుకున్న వకీలుకు చెబితే, "వాగు ఎండిపోయింది, పూడ్చేశారు అంటారు. అదొక్కటీ సరిపోదు టీచర్ గారూ" అన్నాడు. నిజమే. పట్టణంలో ఇంటికి ఇంటి నంబరుంటుంది, దాని కింది నేలకు సర్వే నంబరుంటుంది. ఏ ఇల్లు ఏ సర్వే నంబరులో ఉందో రాసిన కాగితం ఎక్కడా ఉండదు. మున్సిపాలిటీ ఇల్లు చూసి పన్ను వేస్తుంది. రెవెన్యూ వాళ్ల పుస్తకాల్లో ఇంకా జొన్న చేనే ఉంటుంది. ఆ సందులోనే టేపులు పట్టుకుని మనుషులు దిగుతారు.

పాత పహాణీలు కావాలని తహసీల్ ఆఫీసుకు పోయాను. పహాణీ అంటే ఏ సర్వే నంబరు ఎవరి పట్టా, ఆ ఏడు దాన్ని ఎవరు దున్నుతున్నారు అని ఏటేటా రాసే పుస్తకం. గుమాస్తా తల ఎత్తకుండానే, "పాతయి ఉర్దూల ఉన్నయమ్మా. చదివేటోళ్లు లేరు" అన్నాడు.

"చదివేటోళ్లను నేను తెచ్చుకుంట. మీరు నకలు ఇయ్యిండ్రి."

"రికార్డు రూము సారు లీవుల ఉన్నడు."

మళ్లీ వెళ్లాను. ఇంకోసారి తాళం లేదన్నారు. ఇంకోసారి నాకు సంబంధం లేని భూమి వివరాలు ఇవ్వకూడదన్నారు. "నా ఇల్లు ఆ భూమిల ఉన్నదని నాకు కోర్టు నోటీసొచ్చింది. ఇంక సంబంధం అంటె ఎట్లుంటది సార్?" అని అడిగాను. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. తిప్పి పంపితే పై అధికారికి అప్పీలు పెట్టాను. ఆఫీసులో నన్ను చూడగానే "పహాణీ మేడమ్ వచ్చింది" అని గుసగుసలాడేవాళ్లు. వినపడినా వినపడనట్టు బెంచీ మీద కూర్చునేదాన్ని. ఒక ఎండాకాలం గడిచిపోయాక నకళ్ల కట్ట చేతికొచ్చింది.

నాతోపాటు ఒకే స్కూల్ కాంప్లెక్సులో ఉర్దూ మీడియంలో పనిచేసి రిటైరైన అక్క ఒకామె ఉంది. వాళ్లింట్లో మంచం మీద కాగితాలు పరుచుకుని కూర్చున్నాం. ఆమె కళ్లజోడు పైకి తోసుకుని చదువుతుంటే నేను తెలుగులో రాసుకున్నాను. అతనికి అమ్మిన అన్నదమ్ముల తండ్రి పేరు నిజంగానే ఉంది, ఆ సర్వే నంబరు నిజంగానే ఆయన పట్టా. నేను రాయడం ఆపి పెన్ను కింద పెట్టాను. అక్క పేజీలు తిప్పుతూ పోయి ఒకచోట వేలు పెట్టి ఆగింది.

"ఏయ్, ఇది చూడు. ఇక్కడ కైఫియత్ ఖానాలో, అంటే వివరాల గడిలో రాసిండ్రు. ఈ జమీన్ బొగ్గు కంపెనీకి పోయింది."

ఇద్దరం మళ్లీ చదివాం. ఆ తండ్రి బతికుండగానే భూసేకరణ జరిగింది. ఆ ఆధారంతో, ఎవరికెంత పరిహారం ఇచ్చారో రాసిన సేకరణ అవార్డు నకలుకు ఇంకో దరఖాస్తు పెడితే అదీ వచ్చింది. నష్టపరిహారం అందుకున్నవాళ్లలో ఆ తండ్రి పేరుంది. తర్వాతి పహాణీల్లో ఎవరూ ఆయన పేరు కొట్టేయలేదు. కొట్టేయని పేరు చూపించి కొడుకులు ఎన్నో ఏళ్ల తర్వాత అమ్మారు. వాళ్లకు తెలిసే అమ్మారో లేదో నేను చెప్పలేను. కొన్నవాడికి మాత్రం తెలియకుండా ఉంటుందా? తన భూమి దొరకదు కాబట్టే రేటున్న గల్లీ వెతుక్కుని మా వాకిట్లోకి వచ్చాడు.

లైసెన్సు ఉన్న సర్వేయరును పిలిపించాం. పాత గ్రామ నక్షాలో గుర్తు పెట్టిన చెట్టూ పుట్టా అన్నీ నేల మీద మారిపోయాయి. రైలు పట్టాలు మాత్రం మారలేదు. ఆయన అక్కణ్ణుంచి కొలుచుకుంటూ వచ్చాడు. మా గల్లీ వేరే సర్వే నంబరులో ఉంది. అతని నంబరు ఎక్కడ పడుతుందని అడిగితే, ఊరి బయట గని తవ్వి పోసిన మట్టిగుట్టను చూపించాడు.

ఆ మాట ఇంట్లో చెబితే అమ్మ ఊరుకోలేదు. "నేను చూడాలె" అంది. ఆటోలో తీసుకెళ్లాను. కంచె ఇవతల ఆటో ఆపి, కిందికి దిగి, కొంగు నెత్తి మీద వేసుకుని ఆ గుట్టను పైదాకా చూసింది. లారీలు పైన చీమల్లా తిరుగుతున్నాయి.

"వాని జాగ గీని కిందున్నదా?"

"అవునమ్మా."

"తవ్వుకోమను."

ఇద్దరం కంచె దగ్గర నిలబడి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాం. ఆటో అబ్బాయికి ఏమీ అర్థం కాలేదు.

సంబరం వకీలు ఆఫీసు దాకానే నిలిచింది. "అతని భూమి ఇది కాదని తేల్చవచ్చు. కానీ ఇది మీది అని చెప్పడానికి మీ దగ్గర ఏముంది?" అన్నాడు. మా నంబరు పహాణీల్లో పట్టా గడిలో ఎవరో చనిపోయిన మగమనిషి పేరుంది. దున్నుతున్నవారి గడిలో ఏటా ఒక ఆడమనిషి పేరు. మాకు జాగ అమ్మిన అవ్వ ఆమే. తర్వాతి ఏళ్లలో ఆ గడి ఖాళీ. ఆ తర్వాత "ఇండ్లు" అని ఒక్క మాట.

వకీలు ఒక దారి చెప్పాడు. భూమి మాది కాకపోయినా, అందరికీ తెలిసేలా ఆక్రమించుకుని చాలా ఏళ్లుగా ఉంటున్నాం, కాబట్టి మమ్మల్ని లేపడానికి లేదు అని వాదించాలట. అమ్మ చెవి వొగ్గి విన్నది.

"ఏమని రాస్తవు? ఆక్రమించిన అనా?"

"అది చట్టంలో మాటమ్మా. మీకు మేలు చేసేదే."

"మేలొద్దు ఏమొద్దు. నేను కొన్న. నా మెడలది అమ్మి కొన్న. కబ్జా వెట్టిన అని నా పేరు మీద రాస్తె నేనొచ్చి దస్కత్ పెట్టను. గంతె."

వకీలు నా వంక చూశాడు. నేను అమ్మ వైపే నిలబడ్డాను. ఊరి కాగితాల్లో మా పేర్లు మొదటిసారి ఎక్కబోతున్నాయి. ఎక్కేది ఆక్రమణదారులుగానా?

"అయితే కొన్నట్టు రుజువు కావాలి. సాక్షులు పోయారు. ఆ అవ్వ వారసులు వచ్చి చెప్పాలి. కానీ వాళ్ల దగ్గరికి మీరంతట మీరు పోవద్దనే నా సలహా. భూమి మాదే అని వాళ్లూ దావా వేస్తే మీరు రెండు వైపులా ఇరుక్కుంటారు."

గల్లీ వాళ్లూ వద్దనే అన్నారు. అమ్మ, నేను పోయాం.

ఆ అవ్వ మనుమరాలు నస్పూర్‌లో కంపెనీ క్వార్టర్‌లో ఉంటున్నదని పాత కూరగాయల మార్కెట్‌లో ఒకామె చెప్పింది. బస్సెక్కి గోదావరి దాటి వెళ్లాం. మనుమరాలు నడివయసు మనిషి. తండ్రి డ్యూటీలో ఉండగా పోతే ఆ ఉద్యోగం ఈమెకు వచ్చింది. మొదటి షిఫ్టు చేసి అప్పుడే వచ్చినట్టుంది, యూనిఫాం చొక్కా ఇంకా విప్పలేదు. మేము ఎక్కడి నుంచి వచ్చామో చెప్పగానే గుమ్మంలోనే నిలబడిపోయింది.

"గిప్పుడు యాదికొచ్చినమా మీకు?" అంది.

నేను ఏదో చెప్పబోయాను. ఆమె చెప్పనివ్వలేదు.

"మా అవ్వ ఆఖరుకు మా చిన్నాయన ఇంట్ల ఓ మూలకు పడి చచ్చిపోయింది. మీ గల్లీకెళ్లి ఒక్కలన్న వచ్చిండ్రా? ఆమె జొన్న చేండ్ల ఇండ్లు కట్టుకున్నరు, అమ్ముకున్నరు, కిరాయిలకిచ్చుకున్నరు. ఆమె పేరన్న ఎర్కనా మీకు?"

అమ్మ ఆ అవ్వ పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా చెప్పింది. "నేను గోడలు పెడుతుంటె మట్టి తొక్కనీకి వచ్చింది మీ అవ్వ. పైస తీసుకోలె. మద్యానం ఇద్దరం ఒక్క తల్లెల తిన్నం. వచ్చేటిదుండె, రాలె. తప్పే. తిట్టు, పడ్తా. గని కూసోని తిట్టు బిడ్డా, నాకు మోకాళ్లు నొస్తున్నయి."

ఆమె పక్కకు తప్పుకుంది. లోపల కుర్చీ వేసింది.

కూర్చున్నాక తెలిసింది. తెల్ల చొక్కా మనిషి మాకన్నా ముందే ఇక్కడికి వచ్చి పోయాడు. 'మా అవ్వ ఎవరికీ అమ్మలేదు' అని రాసిన ఒక కాగితం మీద సంతకం చేయమన్నాడు. మంచిగా చూసుకుంటానన్నాడు. ఆమె గుమ్మంలోంచే పంపించేసింది.

"ఎందుకు చెయ్యలె?" అని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"అమ్మలేదంటె మా అవ్వను అబద్దాలకోరును చేసినట్టు కాదా అక్కా? ఏలిముద్ర పెట్టి మాటిచ్చిన మనిషి. మీ మీద నాకు కోపముంటది. గది వేరే ముచ్చట." అమ్మ ఒళ్లోని కవరు వైపు చూసి అంది: "ఆ కాయితం తెచ్చిండ్రా?"

అమ్మ ప్లాస్టిక్ కవరులోంచి తీసి ఇచ్చింది. మడతల దగ్గర చిరిగితే నేను వెనక నుంచి పల్చటి కాగితం అతికించాను. ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుంది. చదవలేదు. నీలం రంగు వెలిసిన ఆ వేలిముద్ర పక్కన తన బొటనవేలు ఆనించి చూసుకుంది.

"మా ఇంట్ల అవ్వ ఫోటో ఒక్కటి లేదు. ఏమీ లేదు ఆమెది" అంది. ఆ కాగితం తిరిగివ్వడానికి చాలాసేపు పట్టింది. మేమూ తొందరపెట్టలేదు.

జాగ చూసి నివేదిక ఇమ్మని కోర్టు ఒక కమిషనర్‌ను వేసింది. ఆయన సర్వే శాఖ వాళ్లను వెంటపెట్టుకుని వచ్చి మళ్లీ రైలు పట్టాల నుంచి కొలిపించాడు. వాయిదాలు పడ్డాయి. రెండు ఇళ్లవాళ్లు భయపడి తెల్ల చొక్కాతో రాజీకి పోబోతే వాళ్ల ఆడవాళ్లే ఆపారు. సాక్ష్యం రోజు మనుమరాలు మేము అడిగినట్టే డ్యూటీకి సెలవు పెట్టి వచ్చింది. ఆమె చిన్నాయన కొడుకులు రాలేదు.

అతని వకీలు గట్టివాడు. "నువ్వు అప్పటికి పుట్టావా?" అన్నాడు.

"పుట్టిన. మా అవ్వ చెయ్యి పట్టుకోని ఆ చేనుకు పోయేదాన్ని."

"మీ అవ్వకు పట్టా ఉందా?"

"మా తాత పేరు మీద ఉండె. ఆయన సచ్చినంక దున్నింది ఆమె. మీ కాయితాలల్లనే ఉన్నది గద, చదువుండ్రి."

"నీకు ఏం ఇస్తామన్నారు వీళ్లు?"

ఆమె వెనక్కి తిరిగి మా వైపు చూసింది. తర్వాత జడ్జిగారి వైపు తిరిగి అంది: "ఏం ఇయ్యలేదు సార్. ఇస్తనని వచ్చినాయన గా పక్కన కూసున్నడు."

కోర్టు హాలులో కదలిక పుట్టింది. తెల్ల చొక్కా మనిషి ఫోన్ చూసుకుంటూ తల ఎత్తలేదు. తర్వాత జడ్జిగారు పహాణీలోని పేరు పైకి చదివించారు. ఎవరి పేరని అడిగితే, "మా అవ్వ పేరు సార్" అని ఆమె గట్టిగా చెప్పింది. ఆ హాలులో అంత గట్టిగా చెప్పాల్సిన అవసరం లేదు. చెప్పింది.

అతని దావా కొట్టేశారు. దావాలో చెప్పిన భూమి మా గల్లీలో లేదని, కమిషనర్ నివేదిక, సేకరణ అవార్డు రెండూ ఒకే మాట చెబుతున్నాయని తీర్పులో రాశారు. పైకోర్టుకు పోతానని అన్నాడు. ఇప్పటిదాకా పోలేదు. కారు మాత్రం మా గల్లీలోకి మళ్లీ రాలేదు. ఆ సాయంత్రం కిరాణా కొట్టు ఆయన పిల్లలందరికీ చాక్లెట్లు పంచి, "నేను అప్పుడే అన్న, కొట్లాడుదామని" అన్నాడు. అమ్మ కూడా ఒకటి అడిగి తీసుకుంది.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. మనుమరాలు, వేరే ఊళ్లో ఉండే ఆమె అన్న, తీర్పు విన్నాక ఆమె చిన్నాయన కొడుకులు కూడా ఒప్పుకుంటే, ఆ పాత అమ్మకాన్ని ఖాయం చేస్తూ మా అమ్మ పేరున రిజిస్ట్రేషన్ చేయించుకుందామని వెళ్లాం. ఆఫీసులో కంప్యూటర్ ఒప్పుకోలేదు. మా సర్వే నంబరులో ఒక మూల కూడా ఎప్పుడో కంపెనీకి పోయిందట. అందుకని మొత్తం నంబరును, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితాలో పెట్టేశారు. మిగిలిన భూమిని జాబితా నుంచి తీయాలంటే కలెక్టరేట్ దాకా పోవాలి.

అక్కడి అధికారి మంచి మనిషే. కుర్చీ చూపించాడు, మంచినీళ్లు తెప్పించాడు. తీర్పు, నక్షా, పహాణీలు, వాటి తెలుగు ప్రతులు అన్నీ వరుసగా కుట్టి తెచ్చిన మా ఫైలు తిరగేశాడు.

"కేసు గెలిచారు కదమ్మా. మిమ్మల్నెవరూ లేపరు. ఇంకా ఎందుకింత తిరుగుడు? ఉండనివ్వండి."

"ఉండనిస్తున్నరని ఉండం సార్" అంది అమ్మ. "మాదని ఉంటం. గట్ల రాసియ్యిండ్రి."

ఆయన నవ్వాడు. రాసిస్తానని అనలేదు, రాయనని అనలేదు. దరఖాస్తు మీద ముద్ర వేసి రశీదు ఇచ్చాడు. మెట్లు దిగుతుంటే అమ్మ సగంలో ఆగి, రెయిలింగ్ పట్టుకుని ఊపిరి తీసుకుంది. లిఫ్టు ఉందమ్మా, అందులో పోదాం అన్నాను. వద్దంది. మళ్లీ ఎప్పుడు రమ్మన్నాడని అడిగింది. వచ్చే నెల కనుక్కోమన్నాడని చెప్పాను.

"వచ్చే నెల దాకా ఎందుకు, వచ్చే సోమవారం వద్దాం" అని ఇంకో మెట్టు దిగింది.